పాఠం ముందా, ప్యానెల్ ముందా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విద్యా సాంకేతికత గురించి, పాఠాల రూపకల్పన గురించి గోదావరి డెల్టా నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాయి. బడిలోకి పరికరం వచ్చింది, ఇంట్లోకి ఫోను వచ్చింది, వాటితో ఏం చేయాలో నమ్మకంగా చెప్పే రాతలు ఏవి అన్నదే అందరి ప్రశ్న. ఐదు ఉత్తరాలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: భీమవరం సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా ఎనిమిదో తరగతి గదిలో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. విలోమానుపాతం (ఒకటి పెరిగితే రెండోది అదే నిష్పత్తిలో తగ్గే సంబంధం) పాఠానికి దానిమీద ఇరవై నిమిషాల వీడియో చూపించాను. పిల్లలు కదలకుండా చూశారు, అర్థమైందా అంటే అందరూ అర్థమైందన్నారు. మరునాడు, ఒక చేను ఊడ్పును 6 మంది కూలీలు 10 రోజుల్లో పూర్తిచేస్తే 15 మందికి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే సగానికి పైగా 25 అని రాశారు. ఇంకా మంచి వీడియో వెతకాలా? పాఠాన్ని పద్ధతిగా తయారుచేసుకోవడం గురించి నేను ఏం చదవాలి?

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది ఆ 25. తరగతిలో సగం మంది ఒకే తప్పు చేశారంటే వారు పరధ్యానంగా ఉన్నారని అర్థం కాదు, వారందరి మనసులో ఒకే సూత్రం పనిచేస్తోందని అర్థం. 25 అని రాసిన పిల్లవాడి గుణకారం సరిగ్గానే ఉంది, భాగహారం సరిగ్గానే ఉంది. ఒకటి పెరిగితే రెండోది కూడా పెరుగుతుందని అనుకొని మొదలుపెట్టాడు, అంతే. ఊడ్పుల రోజుల్లో మనుషులు తక్కువైతే పని రేపటికి మిగిలిపోతుందని ఆ పిల్లవాడికి ఇంటి దగ్గర బాగా తెలుసు. నోటు పుస్తకం తెరిచేసరికి ఆ తెలిసినది పక్కకు వెళ్ళిపోయింది. మీరు చూపిన వీడియో ఎంత అందంగా ఉన్నా ఆ రెండింటినీ కలపలేదు. ఇంకొక వీడియో వెతికినా ఇదే జరిగే అవకాశం ఉంది కనుక, వెతకడం ఆపి ముందుగా మీ పాఠ్య పథకం తీసి చూడండి.

అందులో లక్ష్యం దగ్గర మీరు బహుశా ‘విద్యార్థి విలోమానుపాత భావనను అవగాహన చేసుకొనును’ అని రాసి ఉంటారు. మనమందరం బి.ఇడి.లో అలా రాయడమే నేర్చుకున్నాం. అవగాహన చేసుకున్నాడో లేదో కంటికి కనిపించదు. బోధనా లక్ష్యాలను ఎలా రాయాలన్న విషయం మీదనే రాబర్ట్ మేగర్ 1962లో ఒక చిన్న పుస్తకం రాశారు. పిల్లవాడు ఏం చేసి చూపించాలి, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు అనే మూడు సంగతులు లక్ష్యంలో ఉండాలని అందులో చెప్పారు. ఆ పద్ధతిలో మీ లక్ష్యాన్ని తిరగరాస్తే ఇలా ఉంటుంది: రెండు రాశులున్న పది సందర్భాలు ఇచ్చినప్పుడు, లెక్క మొదలుపెట్టకముందే, ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందో తగ్గుతుందో కనీసం ఎనిమిదింటిలో సరిగ్గా చెప్పి, ఎందుకో ఒక వాక్యంలో రాయగలగాలి. ఇప్పుడు మీరు నేర్పవలసింది ఏమిటో మీకే స్పష్టంగా కనిపిస్తుంది. గుణకార భాగహారాలు మీ పిల్లలకు వచ్చు. రానిది లెక్కకు ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించడం.

దానికి మీ ఊళ్ళోనే మంచి సామగ్రి ఉంది. రొయ్యల చెరువుల మధ్య పెరిగిన పిల్లలకు కౌంటు అన్న మాట చెప్పనవసరం లేదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. తరగతిలోకి వెళ్ళగానే ప్యానెల్ వెలిగించకుండా ఒక్క ప్రశ్న అడగండి: కౌంటు పెరిగితే రొయ్య పెద్దదా, చిన్నదా? ప్రతి ఒక్కరూ తన జవాబును కాగితం మీద రాసి పక్కన పెట్టుకోవాలి. తరువాత బోర్డు మీద పట్టిక గీయించండి. 100 కౌంటుకు ఒక్కో రొయ్య సగటు బరువు 10 గ్రాములు, 50 కౌంటుకు 20 గ్రాములు, 40 కౌంటుకు 25 గ్రాములు, 25 కౌంటుకు 40 గ్రాములు. ప్రతి వరుసలోనూ రెండు సంఖ్యలను గుణించమంటే ప్రతిసారీ 1000 వస్తుంది. ఆ 1000 ఏమిటో పిల్లల నోట రావాలి, మీరు చెప్పకూడదు. కాసేపు ఓపిక పడితే ఎవరో ఒకరు అది కిలోలోని గ్రాములని పట్టుకుంటారు. అప్పుడు ఊడ్పు లెక్కకు తిరిగి రండి. 6 మంది 10 రోజులు చేసిన పని మొత్తం 60 మనిషి దినాలు. ఆ చేను మారలేదు, ఆ 60 మారదు. 15 మంది వస్తే 4 రోజులు. నిన్న 25 రాసిన పిల్లవాడిని పిలిచి, ఆ జవాబు ప్రకారం మనుషులను పెంచితే పని ఆలస్యమవుతుందా అని అడగండి. తన తప్పును తానే చూసుకున్న పిల్లవాడు మళ్ళీ ఆ తప్పు చేయడం అరుదు.

ఇక్కడితో ఆపితే సగం పనే అయినట్టు. వరుసగా పది విలోమానుపాతం లెక్కలే ఇస్తే పిల్లలు ఆలోచించడం మానేసి ప్రతిదాన్నీ అలాగే చేస్తారు. అందువల్ల ధాన్యం బస్తాల సంఖ్యను, వాటి మొత్తం బరువును, కాలువ తూము ఎంత ఎత్తితే చేను ఎంతసేపట్లో తడుస్తుందన్న దానిని కలిపి ఇవ్వండి. బస్తాలు పెరిగితే బరువూ పెరుగుతుంది, తూము ఎత్తు పెరిగితే తడిసే సమయం తగ్గుతుంది; ఏది ఏదో నిర్ణయించడమే అసలు అభ్యాసం.

ఇప్పుడు ప్యానెల్ సంగతి. ఈ పాఠంలో దానికి రెండే పనులు ఉన్నాయి. కౌంటు, బరువు పట్టికను బిందువులుగా గుర్తించి, అవి సరళ రేఖగా కాక వంపు తిరిగి దిగడం చూపించడం మొదటిది. ఒక లెక్కను మెట్టు మెట్టుగా సాధించి చూపి, తరువాతి లెక్కలో చివరి మెట్టును, ఆ తరువాతి దానిలో చివరి రెండు మెట్లను దాచి పిల్లలతో పూర్తి చేయించడం రెండోది. కొత్తగా నేర్చుకునేవారికి మొదట్లోనే లెక్కలు విసిరేయడం కంటే సాధించిన లెక్కలను పరిశీలించనివ్వడం మేలని జాన్ స్వెల్లర్, ఆయన సహచరులు 1980ల నుంచి పరిశోధనలతో చూపిస్తూ వచ్చారు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగిన సంగతులు చాలా కొద్ది. ఆ కొద్ది చోటును అనవసరమైన వాటితో నింపితే పాఠానికి చోటు మిగలదు. రిచర్డ్ మేయర్ మల్టీమీడియా పాఠాల మీద చేసిన పరిశోధనలు కూడా ఇదే దారిలో సాగాయి. నేపథ్య సంగీతం, సంబంధం లేని బొమ్మలు, తెర మీద ఉన్న వాక్యాలనే గొంతుతో మళ్ళీ చదవడం అభ్యసనకు అడ్డు పడతాయని ఆయన చూపారు. మీరు చూపించిన వీడియోను ఈ కళ్ళతో మరోసారి చూడండి. ఇరవై నిమిషాల్లో మీకు కావలసినవి మూడు నిమిషాలు ఉండవచ్చు. ఆ మూడు నిమిషాలనే వాడుకోవడానికి సంకోచించకండి.

చదవవలసిన వాటి గురించి అడిగారు. మేగర్ పుస్తకంతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది ఒక్క ఆదివారంలో పూర్తవుతుంది, సోమవారం తరగతిలో పనికివస్తుంది. తరువాత డేవిడ్ మెరిల్ 2002లో ప్రకటించిన వ్యాసం చదవండి. మంచి బోధనా పద్ధతులన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించే ఐదు సూత్రాలను ఆయన అందులో ఏరి చెప్పారు: నిజమైన సమస్య చుట్టూ పాఠం ఉండాలి, పిల్లలకు ముందే తెలిసినదాన్ని కదిలించాలి, చేసి చూపించాలి, వారిచేత చేయించాలి, నేర్చినదాన్ని తమ జీవితంలోకి తీసుకెళ్ళే అవకాశం ఇవ్వాలి. పైన చెప్పిన రొయ్యల పాఠాన్ని ఈ ఐదింటితో సరిచూసుకోండి. పిల్లల దృష్టిని ఆకర్షించడంతో మొదలై నేర్చినది నిలిచేలా చేయడంతో ముగిసే, రాబర్ట్ గాన్యే చెప్పిన తొమ్మిది బోధనా ఘటనలు మనకు పరీక్ష కోసం కంఠస్థం చేసిన జాబితాగానే మిగిలాయి. మీ సొంత పాఠం ఒకటి పక్కన పెట్టుకొని మళ్ళీ చదివితే వాటి విలువ తెలుస్తుంది. విగ్గిన్స్, మెక్‌టై 1998లో చెప్పిన వెనుక నుంచి ముందుకు వచ్చే పద్ధతి, అంటే చివర ఇవ్వబోయే పరీక్షను ముందుగా రాసుకొని ఆ తరువాతే పాఠాన్ని అల్లుకోవడం, మీకు చాలా సహాయపడుతుంది.

ఇవి దాటి కొత్తగా వస్తున్న రచనలు చదివేటప్పుడు నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను. మొదటి పేజీలో పరికరం పేరు వస్తుందా, పిల్లవాడి తప్పు వస్తుందా అని చూస్తాను. పరికరంతో మొదలైన వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆ పరికరాన్ని వర్ణించడంతోనే ముగుస్తాయి. ఏ తరగతి పిల్లలు, ఎంత కాలం, దేనితో పోల్చి చూశారు, ఏది ఫలించలేదు అన్న నాలుగింటికీ సమాధానం ఇచ్చే రచయితను మాత్రం వదలకుండా చదువుతాను. ఫలించనిదాన్ని కూడా రాసే రచయితను మరింత నమ్ముతాను. రిచర్డ్ క్లార్క్ 1983లో రాసిన ఒక పోలిక ఈ చర్చలో ఇప్పటికీ వినిపిస్తుంది: సరుకు మోసుకొచ్చే లారీ మన ఆరోగ్యాన్ని ఎంత మారుస్తుందో, పాఠాన్ని మోసుకొచ్చే మాధ్యమం అభ్యసనను అంతే మారుస్తుంది, అంటే మార్చేది సరుకే, లారీ కాదు. ఆయనతో గట్టిగా విభేదించినవారు ఉన్నారు, ఆ వాదనలు కూడా చదవదగినవే. అయినా ఇరవై నిమిషాల వీడియో తరువాత 25 అని రాసిన తరగతిని చూసిన మీకు ఆయన మాటలోని బరువు నేను వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: అమలాపురంలో ఉంటూ డి.ఎస్సీ.కి చదువుతున్నాను. చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20 శాతం, చూసినదానిలో 30 శాతం, చేసినదానిలో 90 శాతం గుర్తుంటాయని, ఇది ఎడ్గార్ డేల్ చెప్పిన అనుభవాల శంఖువు అని మా కోచింగ్ నోట్సులో ఉంది. స్నేహితురాలు అది తప్పంటోంది. ఏది నిజం?

సమాధానం: మీ స్నేహితురాలిదే నిజం. ఎడ్గార్ డేల్ 1946లో దృశ్య శ్రవణ బోధనా పద్ధతులపై రాసిన పుస్తకంలో శంఖువును ఇచ్చారు. అడుగున ప్రత్యక్ష అనుభవం, పైకి వెళ్ళేకొద్దీ నాటకీకరణ, ప్రదర్శనలు, క్షేత్ర పర్యటనలు, చలనచిత్రాలు, చిత్రాలు, శిఖరాన మాటలు ఉంటాయి. మూర్తం నుంచి అమూర్తానికి అనుభవాలు ఎలా మారతాయో చూపించే బొమ్మ అది. అందులో ఒక్క శాతం అంకె కూడా లేదు. అది ఒక ఉపమానం మాత్రమేనని, దాన్ని అక్షరాలా తీసుకోకూడదని డేల్ స్వయంగా హెచ్చరించారు. ఆ శాతాలు తరువాత ఇతరుల చేతుల్లో శంఖువుకు అతుక్కున్నాయి.

అంకెలను చూసినప్పుడే అనుమానం రావాలి. ఏ పరిశోధనలోనైనా ఫలితాలు 10, 20, 30 అని అంత గుండ్రంగా వస్తాయా? ఏ పాఠం, ఎంత వయసు పిల్లలు, ఎన్ని రోజుల తరువాత గుర్తుందో చూశారు అన్న ప్రశ్నలకు ఆ పటంలో చోటే లేదు. చదవడం వల్ల పదోవంతే మిగులుతుందన్న మాట నిజమైతే, పుస్తకాలు చదివి ఉద్యోగాలు సంపాదించిన మన డెల్టా పల్లెల పిల్లలందరూ ఏమైనట్టు? నేను ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో చాలా ఏళ్ళు ఆ పటాన్ని గోడకు తగిలించి బోధించాను. మూలగ్రంథంలోని బొమ్మను చూసిన రోజున దాన్ని తీసేశాను, నా దగ్గర అప్పటికే చదువుకొని వెళ్ళినవారికి మాత్రం దిద్ది చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకొక నమ్మకం ఉంది. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, కొందరు కదిలి నేర్చుకుంటారు, కాబట్టి ఎవరి శైలికి తగినట్టు వారికి బోధించాలన్నది. పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఈ వాదన మీద వచ్చిన పరిశోధనలను సమీక్షించి, శైలికి తగ్గ బోధన వల్ల ఫలితాలు మెరుగవుతాయనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పిల్లల మధ్య తేడాలు లేవని ఆ సమీక్ష అనలేదు. తేడా ముఖ్యంగా ముందే ఎంత తెలుసన్న దాంట్లో ఉంటుంది, ఏ అంశానికి ఏ రూపం నప్పుతుందన్న దాంట్లో ఉంటుంది. కోనసీమ పటం ఎవరికైనా చూస్తేనే తెలుస్తుంది, పద్యం నడక ఎవరికైనా వింటేనే తెలుస్తుంది.

పరీక్షలో ఏం రాయాలన్న చింత మీకు ఉంటుంది. శంఖువులోని మెట్ల క్రమాన్ని అడిగితే ఆ క్రమం రాయండి, అది డేల్‌దే. బోధనా లక్ష్యాలను మెట్లుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణ 1956 నాటిదని, దాన్ని ఆండర్సన్, క్రాత్‌వోల్ ఆధ్వర్యంలో 2001లో సవరించారని, సవరణలో ‘సృజించడం’ పై మెట్టుకు వచ్చిందని గుర్తుంచుకోండి. శాతాలు మాత్రం మీ సొంత తరగతి గోడ మీదికి ఎక్కనివ్వకండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫోనులో పాఠాలు చూస్తున్నానంటాడు, గంటలు గంటలు చూస్తాడు. నేను ఐదో తరగతి వరకే చదివాను. వాడు నిజంగా నేర్చుకుంటున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది?

సమాధానం: అమ్మా, మీకు ఆ పాఠం తెలియనక్కరలేదు. కాలువ గట్టు మీద కూర్చొని ఎంతసేపు చూసినా ఈత రాదని మీకు తెలుసు కదా, ఫోను పాఠం కూడా అంతే. పదిహేను నిమిషాలు పాఠం చూశాక ఫోను మీ చేతికి ఇవ్వమనండి. ఒక తెల్ల కాగితం మీద, ఫోను గానీ పుస్తకం గానీ చూడకుండా, ఇప్పుడు తెలుసుకున్నదంతా రాయమనండి. పటం ఉంటే గీయమనండి. ఐదు నిమిషాల్లో కాగితం నిండితే మంచిది, నిండకపోతే మళ్ళీ చూడాలని వాడికే తెలుస్తుంది. ఆ కాగితం మీద తేదీ వేసి దాచి, రెండు రోజుల తరువాత అదే పాఠం మీద మళ్ళీ రాయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఎంత మిగిలిందో మీ కంటికే కనిపిస్తుంది.

ఇది నేను కల్పించిన చిట్కా కాదు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారి కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నట్టు రోడిగర్, కార్పికీ 2006లో ప్రకటించిన ప్రయోగాల్లో తేలింది. ఐదు నిమిషాలకే పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే ముందున్నారు. అందుకే చదివిన వెంటనే వచ్చేసిందనిపిస్తుంది, వారానికి జారిపోతుంది. అబ్బాయి మీద కోపం వద్దు. చూస్తున్నంతసేపు అన్నీ తెలుస్తున్నట్టే ఉంటుంది, వాడు మీతో అబద్ధం చెప్పడం లేదు.

ప్రశ్న: తణుకు ప్రాంతంలో ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఏడేళ్ళుగా లెక్చరర్‌గా ఉన్నాను. పాఠాలను, శిక్షణను రూపొందించే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ ఉద్యోగాలకు మారాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది? ఏ కోర్సు చేయాలి?

సమాధానం: సాఫ్ట్‌వేర్‌ను చివరికి ఉంచండి. ఒకప్పుడు ఈ రంగంలో కదిలే బొమ్మల పాఠాలు తయారుచేసే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ తెలియనివారికి పని దొరికేది కాదు. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది, ఏళ్ళ తరబడి దానితో తయారుచేసిన పాఠాలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. వాటిని తయారుచేసినవారిలో పాఠాన్ని అల్లడం తెలిసినవారు కొత్త పనిముట్టు పట్టుకొని కొనసాగారు.

ఈ వృత్తిలో మొదట నేర్చుకోవలసింది, శిక్షణ అసలు అవసరమా అని తేల్చుకోవడం. మీ చుట్టుపక్కల నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. రొయ్యల చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళకు కాపలాదారు నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పకపోతే ఉదయానికి నష్టం జరిగిపోతుంది. యజమాని మీ దగ్గరికి వచ్చి, మా కాపలావాళ్ళకు ఆక్సిజన్ గురించి ఒక గంట వీడియో పాఠం చేసిపెట్టండి అంటాడు. మీరు వెంటనే కెమెరా తీయకూడదు. అతనికి ఏరేటర్ వేయడం రాదా, వచ్చినా వేయడం లేదా అని ముందుగా అడగాలి. మేగర్, పీటర్ పైప్ కలిసి 1970లో రాసిన పుస్తకం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒక రాత్రి ఆ గట్టు మీద గడిపితే సంగతి తెలుస్తుంది. ఆక్సిజన్ కొలిచే మీటరు షెడ్డులో తాళం వేసి ఉండవచ్చు, డీజిల్ ఖర్చు ఎక్కువైందని మొన్న తిట్లు తిని ఉండవచ్చు, ఏ అంకె దగ్గర మీట వేయాలో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మొదటి రెండింటికి ఏ పాఠమూ పనిచేయదు. మూడోదానికి గంట వీడియో అక్కరలేదు. స్విచ్ బోర్డు పక్కన, టార్చి వెలుగులో కనిపించేంత పెద్ద అక్షరాలతో, తడిసినా చిరగని ఒక అట్ట వేలాడదీస్తే చాలు. ఎన్ని గంటలకు మీటరు చూడాలి, ఏ అంకెకు ఏ మీట వేయాలి, ఎవరికి ఫోను చేయాలి, అంతే దాని మీద ఉండాలి. ఆ అట్టను తయారుచేసి, రెండు రాత్రులు వాడించి చూసి, ఎక్కడ తికమక పడ్డారో దిద్దిన మనిషి ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అని ఐదు దశలుగా చెప్పే పద్ధతి 1970లలో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పని నుంచి వచ్చింది. మీరు గట్టు మీద చేసింది సరిగ్గా అదే.

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు సర్టిఫికెట్ల కంటే ఇలాంటి పని రెండు మూడు చూపించగలగడం మీకు బలం. మీ పాలిటెక్నిక్‌లోనే పిల్లలు ఏటా తడబడే ఒక ప్రయోగాన్ని ఎంచుకోండి. వారి తప్పులను ఒక సెమిస్టరు పాటు రాసిపెట్టుకొని, వాటికి సరిపోయే పాఠం రూపొందించి, ముందు ఎలా ఉన్నారో తరువాత ఎలా ఉన్నారో నమోదు చేయండి.

కోర్సుల విషయానికి వస్తే, ఉద్యోగం చేస్తూ చదవడానికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో విద్యా సాంకేతికతలో పి.జి. డిప్లొమా ఉంది. ముంబయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఈ విషయానికి ప్రత్యేక శాఖ చాలాకాలంగా ఉంది, ఐ.ఐ.టి. బొంబాయిలో పరిశోధన స్థాయిలో చదివే అవకాశం ఉంది. పనిముట్ల విషయంలో 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న, ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ (Moodle) సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా పెట్టుకొని ఒక చిన్న కోర్సు నడపడం నేర్చుకోండి. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి. వాటిలో సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడంతో పాటు, ఒక్కో పాఠాన్ని కొద్ది నిమిషాలకే పరిమితం చేసి, వింటూ పక్కనే చేసేలా ఎలా అమర్చారో కూడా గమనించండి.

ప్రశ్న: గోదావరి పాయల మధ్య ఉన్న ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిని. వరద వస్తే కాజ్‌వే మునిగిపోతుంది, కరెంటు ఉండదు, నెట్ అసలే ఉండదు. ఆన్‌లైన్ సామగ్రి మాకెలా పనికివస్తుంది? మా ఉపాధ్యాయులు దీని గురించి ఆలోచించడం దండగ అంటున్నారు.

సమాధానం: అయ్యా, దండగ అన్న మాట ఆవేదనతో వచ్చిందని అర్థమవుతోంది. ప్రభుత్వం వారి పాఠాల యాప్ దీక్షలోని పాఠాలను నెట్ ఉన్న రోజున దించుకొని తరువాత నెట్ లేకుండా చూడవచ్చు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఒక ఉపాధ్యాయుడు అమలాపురమో రాజోలో వెళ్ళినప్పుడు జూలై, ఆగస్టు పాఠాలకు కావలసినవి దించుకొని వస్తే సరిపోతుంది. అన్నీ వద్దు. పైన భీమవరం మాస్టారికి చెప్పినట్టు, పిల్లలు ఎక్కడ తడబడతారో అక్కడికి కావలసిన మూడు నాలుగు చాలు. శిక్షణ పుస్తకాలు కావాలంటే బొమ్మూరు, దూబచర్ల డైట్ కళాశాలల గ్రంథాలయాలను అడగండి.

తెర లేని రోజున రూపకల్పన ఆగిపోతుందని మాత్రం మీ ఉపాధ్యాయులు అనుకోకూడదు. భారతదేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపిన సైట్ (SITE) అనే ప్రయోగం జరిగింది. అది సాగిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంత పెద్ద ఏర్పాటులో కూడా పల్లెలో ఉన్నది ఊరందరికీ కలిపి ఒక్క టి.వి. ఏం చూపాలి, ఎవరికి చూపాలి అని ముందుగా ఆలోచించవలసిన అవసరం ఆ రోజున ఎంత ఉందో, మీ లంకలో ఈ రోజు అంతే ఉంది.

వరద రోజులకు మీ దగ్గర ఏ రాజధాని బడికీ దొరకని పాఠం ఉంది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జూలైలో ఆ మూడవది కూడా దాటి నీరు మీ ఊళ్ళ మీదికి వచ్చింది, ఆరు ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి ఆ కథ ఇంట్లో విని తెలుసు. రేడియోలోనో పెద్దల ఫోనులోనో వచ్చే నీటిమట్టాన్ని పిల్లలు రోజుకు మూడుసార్లు నోటు పుస్తకంలో రాసుకోవాలి. గళ్ళ కాగితం మీద బిందువులు పెట్టి కలపాలి. మూడు హెచ్చరికలను మూడు అడ్డ గీతలుగా గీసి, తమ గీత వాటిని ఎప్పుడు తాకుతుందో ముందుగా ఊహించి రాయాలి. గంటకు 0.2 అడుగుల చొప్పున పెరిగితే మొదటి హెచ్చరిక నుంచి రెండవ హెచ్చరికకు పది గంటలు, అక్కడి నుంచి మూడవదానికి ఇరవై గంటలు పడుతుందని లెక్క వస్తుంది. గోదావరి ఆ లెక్క ప్రకారం పెరగదు. ఎందుకు పెరగలేదో, ఎక్కడ తమ ఊహ తప్పిందో బడి తిరిగి తెరిచిన రోజున ప్రతి పిల్లవాడూ తన కాగితం చూపించి చెప్పాలి. పెన్సిళ్ళు, గళ్ళ కాగితాలు జూన్‌లోనే ఇంటికి ఒకటి చొప్పున పంచిపెట్టండి, తడవకుండా పాలిథిన్ కవరులో పెట్టి ఇవ్వండి.